డీజిలు లేదండీ

2003 ఆగస్టు 17, ఆదివారం. ఆ మధ్యాహ్నం కనకరత్నం కంద బచ్చలి ఆవ పెట్టి వండింది. ఇప్పటికీ ఆ కూర వండితే ఆమెకు ముందు గుర్తొచ్చేది ఒక స్పూను.

"చెల్లెమ్మా, ఒక స్పూను ఇస్తావా?" అన్నాడు కాశీవిశ్వనాథం, అరిటాకు ముందు కూర్చుని.

ఆమె కదిలేలోగా ఎదుటి ఆకు ముందున్న ఆమె భర్త త్రిమూర్తులు అందుకున్నాడు.

"మెడ్రాసు నీళ్ళు పడ్డాక చేత్తో తినడం నామోషీ అయిపోద్దండి. పల్లెటూరోళ్ళం, మాకేం తెలుస్తాయండీ ఈ నాజూకులు!"

కాశీ మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. త్రిమూర్తులు తినడం మానేసి ఆ చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు. ఎంత పగ, అనుకుంది కనకరత్నం.

పగే మరి. ముప్ఫయ్యేళ్ళ కిందట కాకినాడ హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే గది. చెరో గిటారు. మెడ్రాసు నుంచి వచ్చిన రాక్ బృందం ఇద్దరినీ విని, ఒక్కడు చాలంది. కాశీ మాటమాత్రం చెప్పకుండా రైలెక్కేశాడు. ఆ గిటారుతో దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు. త్రిమూర్తులు గిటారు అటకెక్కింది. అమలాపురం శివార్లో, కొబ్బరితోటల మధ్య కల్యాణమండపం కట్టుకుని ఉండిపోయాడు.

ఒకప్పుడు ఒరేయ్ అని పిలుచుకున్నవాళ్ళు ఇప్పుడు అండీ అంటున్నారు. కోనసీమలో ఒరేయ్ కాస్తా అండీ అయిందంటే, ఇక తెగిపోయినట్టే.

ఊళ్ళో క్లబ్బు వార్షికోత్సవానికి కాశీ వస్తున్నాడని క్లబ్బు సెక్రటరీ లోవరాజు మండపం అడిగితే, త్రిమూర్తులు అద్దె కూడా వద్దన్నాడు, భోజనం తన ఇంట్లోనే అన్నాడు.

"ముందు వరసలో నాకో కుర్చీ వెయ్యండి చాలు. ఆయనగారు ఎక్కడ తప్పుతారో దగ్గరుండి చూడాలి."

కనకరత్నం బెంగ అదే. తన చేతి అన్నం తిన్న మనిషి తమ గడపలో అవమానపడి వెళ్ళకూడదు.

ఇంకా ఎండ ఉండగానే కచేరీ మొదలైంది. చిన్న హాలు. గిటారంటే ఒళ్ళో పెట్టుకుని సినిమా పాటలు వాయిస్తారనుకుని వచ్చిన జనం. కాశీ దాన్ని భుజానికి తగిలించుకుని నిలబడి ఒక్క మీటు మీటాడు. స్పీకర్లు గర్జించాయి. చంటిపిల్లలు కెవ్వుమన్నారు.

"ఏవండోయ్, రైసుమిల్లు ఆడిత్తన్నారేంటండీ?"

"కూర్చుని వాయించండి మాస్టారూ, నడుం పట్టేత్తాది!"

"ఒక్క సినిమా పాట పడనివ్వండి, పుణ్యముంటాది!"

కాశీ లెక్కచెయ్యలేదు. జుట్టు నెరిసింది గానీ పొగరు నెరవలేదు. "ఇప్పుడు వాయించబోయేది కాకినాడలో నేను కట్టిన ట్యూను," అన్నాడు మైకులో.

నేను అన్నాడు. కనకరత్నం చటుక్కున భర్త వైపు చూసింది. పెళ్ళయిన కొత్తలో ఆయన ఆ ట్యూనే ఈల వేసేవాడు. ఇద్దరం కట్టాం అనేవాడు. మొదట నెమ్మదిగా నడిచి, తర్వాత చెయ్యి గుర్రంలా పరిగెత్తాలి, అసలు పస అక్కడుంది అనేవాడు.

ట్యూను నెమ్మదిగానే నడిచింది. వేగం అందుకోబోతుండగా ఒకచోట తడబడింది. వెంటనే ఇంకోచోట.

"అరిగిపోయిన రికార్డండోయ్!" ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

త్రిమూర్తులు కుర్చీ కిర్రుమనేలా వెనక్కి నెట్టి లేచాడు. వాయిస్తున్న మనిషికి వీపు చూపించి, పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. కాశీ అది చూశాడు. మొహం నల్లబడింది. కనకరత్నం సిగ్గుతో తల దించుకుంది.

అంతలో కరెంటు పోయింది.

పంకాలు ఆగాయి. స్పీకర్లు మూగబోయాయి. ఆ రోజుల్లో కరెంటు పోవడం వింతేమీ కాదు. నిమిషం కిందట కాశీని వెక్కిరించిన నోళ్ళే కరెంటోళ్ళ మీదికి తిరిగాయి.

"ఆదివారం కూడా తీసేత్తారేంటండీ ఈ కరెంటోళ్ళు!"

లోవరాజు పరిగెత్తాడు. "బాబాయిగారూ, జనరేటరు వేయించండి!"

త్రిమూర్తులు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "డీజిలు లేదండీ."

కనకరత్నం ఒళ్ళు మండింది. పొద్దున్నే డబ్బా నిండా డీజిలు తెచ్చి మెట్ల కింద పెట్టింది ఆయనే. నోరు తెరవబోయింది. ఆయన ఉరిమి చూశాడు.

ఎంతసేపు చూసినా కరెంటు రాలేదు. జనం లేచారు. ఇందాక రైసుమిల్లని వెక్కిరించిన కొండయ్యే కాశీ దగ్గరికొచ్చి దండం పెట్టాడు. "మాంచి ఊపులో ఉండగా దెబ్బకొట్టేసిందండీ కరెంటు. ఆ ముక్క వినే యోగం లేదు మాకు."

"మళ్ళీ పిలుద్దామండీ పెద్దాయన్ని," అన్నారు ఇంకెవరో.

కాశీ కుడిచెయ్యి జేబులో పెట్టుకుని అందరికీ తల ఊపాడు. కారెక్కుతూ మాత్రం త్రిమూర్తులు వైపు తిరిగాడు.

"మీ మండపంలో కరెంటు కూడా మీలాంటిదేనండీ. సమయానికి మొహం చాటేస్తుంది."

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు. "వెళ్ళిరండి."

కారు మలుపు తిరిగింది. చీకటి పడుతోంది.

"డీజిలు ఉంది కదండీ!" కనకరత్నం ఇక ఆగలేకపోయింది. "జనరేటరు వేస్తే ఆయన పూర్తిచేసేవారు కదా! ఇంటికొచ్చిన మనిషి మీద ఇంత కక్షేవిటండీ?"

"ఆ చెయ్యింక పరిగెత్తదు, రత్నం," అని ఆయన మండపం వెనక్కి నడిచాడు.

సంబరపడుతున్నాడు కాబోలు! ఈ రాత్రి తేల్చుకోవలసిందేనని కొవ్వొత్తి వెలిగించుకుని ఆమె వెంటే వెళ్ళింది.

మీటరు గదిలో త్రిమూర్తులు లాల్చీ జేబులోంచి పింగాణీ ఫ్యూజు తీసి బోర్డులో నొక్కి, మండపమంతా వెలిగాక, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసేశాడు.