సామ్రాజ్యం చేతి ఆవకాయ

కొరియాతో వాణిజ్య ఒప్పందం కుదిరిన ఏడాది, నూజివీడు పచ్చళ్ళ షెడ్డులో ఒక కొరియా కంపెనీవాళ్ళు, అక్కడ పనిచేసే సామ్రాజ్యం చేతులకు పనితనం నేర్చుకునే తొడుగులు వేసి ఆవకాయ కలిపించారు. మళ్ళీ కలపండి, మళ్ళీ కలపండి అంటూ పొద్దుటినుంచి విసిగిస్తుంటే ఆమె కొలత తప్పి ఒక గుప్పెడు ఉప్పు ఎక్కువ వేసింది. చెబితే పని పోతుందని ఊరుకుంది. తొడుగులు ఆ గుప్పెడును కూడా బుద్ధిగా నేర్చుకున్నాయి.

ఇప్పుడు నూజివీడు కాయలన్నీ ఓడెక్కి కొరియా వెళ్తాయి. అక్కడ ఆ తొడుగులు నేర్చిన తీరులో మరచేతులు కలిపిన ఆవకాయ, సీసా మీద సామ్రాజ్యం ఫొటోతో, సుంకం లేకుండా తిరిగొస్తుంది. ఆమె కలిపే తీరు మీద ఇరవై ఏళ్ళ హక్కు ఆ కంపెనీది. కాబట్టి ఆమె తన ఇంట్లో కూడా ఆవకాయ పెట్టకూడదు.

ఏడేళ్ళు ఆ సీసాలే కొనుక్కుని ఓర్చుకుంది. ఈ వేసవిలో తోటలోంచి ఐదారు కాయలు కొంగులో దాచి తెచ్చి, తలుపులు మూసుకుని, తన పాత కొలతతో కలిపింది. పచ్చడి జాడీకెత్తాక, బేసినుకు అంటుకున్న పిండిలో వేడన్నం వేసి, నెయ్యి పోసి కలిపి, మొగుడు బసవయ్య చేతిలో మొదటి ముద్ద పెట్టింది.

అతను నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పు చాల్లేదే. నీ చేతి ఆవకాయలా లేదు."

"ఇదే నా చేతిదయ్యా. ఆ సీసాలోదే తప్పు."

"ఏమోనే. ఏడేళ్ళుగా తింటున్నా, నీ చేతి రుచి నాకు తెలీదా?"

సామ్రాజ్యం జాడీ మూత తీసి, ఇంకో గుప్పెడు ఉప్పు వేసి కలిపింది.