పొగ పన్ను

“పన్ను డబ్బు కోసం కాదే అమ్మా, నీ మంచి కోసం,” అని యుగంధర్ మళ్లీ మొదటినుంచి చెప్పాడు. తాతమ్మ ఓపిగ్గా విని, చుట్ట బూడిద రాల్చి, పొగ కొడుకు వైపు వదిలింది.

యుగంధర్ శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. చెడ్డ అలవాట్ల మీద పన్ను వేస్తే జనం బాగుపడతారా అన్నది అతని పీహెచ్‌డీ. బాగుపడతారని ముందే తేల్చేసుకున్నాడు కాబట్టి ఇక రుజువులు దొరకడమే తరువాయి. అవి ఇంట్లోనే దొరికాయి.

తాతమ్మ అంగిట్లో తెల్ల మచ్చ కనిపించిందని డాక్టరు చెప్పాడు. పొగా వేడీ తగలకపోతే మచ్చ దానంతటదే పోవచ్చని, తగుల్తూ ఉంటే మాత్రం తన చేతుల్లో ఏమీ ఉండదని అన్నాడు. తండ్రి పోయాక నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరా తిరిగి యుగంధర్‌ని చదివించిన తల్లి. ఆవిడ లేని ఇల్లు తలుచుకుంటేనే అతనికి భయమేసింది. మామూలు మనిషైతే భయపడి ఊరుకునేవాడు, యుగంధర్ చదువుకున్నవాడు కనక భయాన్ని సిద్ధాంతం చేసి మర్నాడే అమల్లో పెట్టాడు.

నిబంధన తేలిక. ఇంట్లో పొగ కనిపిస్తే దేవుడి గూట్లోని స్టీలు డబ్బాలో ఇరవై రూపాయలు వెయ్యాలి. చుట్టలు లెక్కపెట్టాలంటే అమ్మ బొడ్లో సంచి తడమాలి, అది మర్యాద కాదు. పొగైతే ఎవరికైనా కనిపిస్తుంది. వసూలు సులువుగా ఉండాలని అతను పాఠంలోనూ చెబుతాడు.

భార్య భారతికి ఇది నచ్చలేదు. అత్త దగ్గరున్నవి పింఛను డబ్బులు, లేనివాళ్ల మీదే పన్ను గట్టిగా పడుతుందని అంది. మరి రోజూ ఫ్రిజ్ తెరిచి మీరు తాగే కూల్‌డ్రింకు సంగతేమిటని కూడా అడిగింది. అది వేరే పరిశోధన అని యుగంధర్ సెలవిచ్చాడు.

తాతమ్మ తమ్ముడు నూకయ్య అప్పుడే ఎండు చేపలు పట్టుకుని ఊరినుంచి వచ్చాడు. సంగతంతా విని, డబ్బా చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు.

“అల్లుడూ, ఇది నిండితే నువ్వు గెలిసినట్టా, ఖాళీగుంటే గెలిసినట్టా?”

“ఖాళీగుంటేనే మావా.”

“మరి గవుర్నమెంటు మందు మీద పన్నేసి తాగొద్దంటాది. అందరూ మానేస్తే దానికి కూడు ఎలగొస్తాది? నిండాలని కోరుకుంటూ ఖాళీ అవ్వాలని సెప్పడం నీకొచ్చా?”

యుగంధర్ ఆ ప్రశ్నకి ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. నూకయ్య భోజనం చేసి బస్సెక్కాడు.

డబ్బా మొదట్లో బాగానే నిండింది. అంతకు ముందు కోడలికి మొహమాటపడి పెరట్లో కాల్చుకునే తాతమ్మ, ఇప్పుడు ముందుగదిలో ఫ్యాను కింద కూర్చుని దర్జాగా కాల్చడం మొదలెట్టింది. అదేమిటంటే, “డబ్బులు కట్టినాను కదరా, ఇంకేటి?” అంది. రేటు చాల్లేదని యుగంధర్‌కి అర్థమై యాభై చేశాడు.

మర్నాటినుంచి పొగ కనిపిస్తే ఒట్టు.

పొగతోపాటు ఆవిడ మాటా పోయింది. చేపలమ్మా అని కేకేస్తే వీధి చివరిదాకా వినిపించే మనిషి, పెరటి అరుగు మీద కొంగు నోటికి అడ్డంపెట్టుకుని కూర్చుంటోంది. ఏమడిగినా తలూపడమే. మరీ గుచ్చి అడిగితే ‘ఊఁ’ అంటుంది.

“అత్తకి మీ మీద కోపమొచ్చినాది. మనిసి సిక్కిపోతన్నాది, సూడండి,” అంది భారతి.

అలవాటు మానినప్పుడు ఇలాంటివి మామూలేనని, నెట్‌లో కూడా ఉందని యుగంధర్ ధైర్యం చెప్పాడు. ఇల్లింకా చుట్ట కంపు కొడుతోందంటే, అది ఏళ్ల తరబడి గోడలకి పట్టిన వాసన అని తేల్చేశాడు. ఖాళీ డబ్బాకి ఫొటో తీసి ఎచ్చెర్ల యూనివర్సిటీలో సదస్సుకి పట్టుకెళ్లాడు. ఒక్క పైసా వసూలు కాని పన్నే గొప్ప పన్ను అని తెర మీద ఆ డబ్బా చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

ఆ శాలువా తెచ్చి తల్లి భుజాల మీద కప్పాడు. ఆవిడ తలూపింది. పూర్వమైతే, ఎండాకాలం శాలువా ఏటిరా సన్నాసీ అని తిట్టి, పదిమందికీ చూపించుకునేది. ఆ తిట్టు కోసం కాసేపు ఎదురుచూశాడు. అది రాలేదు. తల్లిని బతికించుకున్నాననుకుంటే, ఇంట్లో తల్లి ఉన్నట్టే లేదు. అరుగు కింద ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

“అమ్మా, పన్ను తీసేసినాను. నీ మీద ఒట్టు. కావాలంటే ముందుగదిలోనే కాల్సుకో, నాను ఓడిపోనానని నలుగుర్లో నానే సెప్తాను. ఒక్క మాట మాటాడే.”

తాతమ్మ కళ్లు చెమర్చాయి. కొడుకు తల నిమిరింది. నిజమేనా అన్నట్టు కోడలి వైపు చూసింది. భారతి నిజమేనని తలూపింది.

తాతమ్మ మాట్లాడడానికి కొంగు తొలగించింది.

పెదాల మధ్య చుట్ట ఉంది, నిప్పు వైపు లోపలికి.