అందరికీ తెలిసిన పేరు

"కొత్త కంప్యూటర్‌లో మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోంది మావయ్యా. ఏం పెట్టారు?"

గది ఆ చివర పళ్ల అచ్చు చెక్కుతున్న మాస్టారు తల ఎత్తకుండానే కోడలికి వినబడేలా అరిచాడు.

"ఇంకేం పెడతాను? మీ అత్తయ్య పేరే."

"కొట్టాను. తీసుకోవడం లేదు."

"పక్కన ఒకటి, రెండు, మూడు కూడా కొట్టు."

మెయిల్ తెరుచుకుంది. ఆ పాస్‌వర్డ్ దుకాణంలో వాళ్లకీ, గుమ్మంలో పార్సిల్ దించుతున్నవాడికీ, వీధిలో పోయేవాళ్లకీ కూడా వినబడింది.

అది కట్టుడు పళ్లు చేసే మాస్టారి దుకాణం. ముప్పై రెండు మంది పళ్ల డాక్టర్లు అచ్చులు పెట్టెల్లో పంపుతారు. కొలతలు, రంగులు మెయిల్లో రాస్తారు.

మెరుగు పట్టే చక్రం ఆగింది. దాని ముందున్న మనిషికి యాభై దాటి ఉంటాయి. పని కావాలని మెయిల్ రాసి, ఆ పొద్దునే వచ్చి కూర్చున్నాడు.

"అయ్యా, ఆ పాస్‌వర్డ్ ఇవాళే మార్చేయండి. ఊరందరికీ తెలిసిపోయింది."

మాస్టారి భార్య పోయి నాలుగేళ్లు. ఆమె మాట ఎత్తితే ఆయనకి మంట.

"పొద్దున వచ్చావు, మధ్యాహ్నానికి మా ఆవిడ పేరు తీసేయమంటున్నావా?"

"పేరు కాదండీ, తాళం..."

"మెరుగు పళ్లకి పెట్టమన్నాను, నాకు కాదు. లేచి వెళ్లు."

ఆ మనిషి చేతిలోని పళ్ల సెట్టు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

మాస్టారు సెట్టు తీసి వెలుతుర్లో తిప్పి చూశాడు. వంక పెట్టడానికి లేదు. దాంతో ఇంకా మండింది.

మూడో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది.

"మీ మెయిల్ నుంచి నాకు కొత్త రేట్ల పట్టిక అని ఒకటి వచ్చిందండీ. అది మీరు పంపింది కాదు. డాక్టర్లు తెరిస్తే వాళ్ల మెయిళ్లూ పోతాయి. వెంటనే..."

మాస్టారు ఆ మెరుగు మనిషి గొంతు గుర్తుపట్టాడు.

"కొంప తగలబెట్టినవాడే నీళ్ల బిందె తెచ్చాడే" అని ఫోన్ పెట్టేశాడు.

కోడలు వచ్చి చూసేసరికి మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు.

"ఆ మెరుగువాడి పనే" అన్నాడు మాస్టారు. వీధిలో దుకాణం దుకాణానికీ వెళ్లి అదే చెప్పి వచ్చాడు.

కోడలు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. డాక్టర్ల దగ్గరుండే రోగుల కాగితాలు బయటపడితే ఇక ఈ దుకాణానికి ఒక్క అచ్చు రాదని ఆమెకి తెలుసు.

ఫోన్‌కి వచ్చిన అంకెలు కొట్టి, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చి, రెండు గంటలకి మెయిల్ వెనక్కి తెచ్చింది. వచ్చే ప్రతి ఉత్తరం నకలు ఎవరికో వెళ్లేలా దొంగ పెట్టిన దారి వెతికి మూసేసింది. ఇకనుంచి ఎవరు తెరవబోయినా తన ఫోన్ అనుమతి అడిగేలా పెట్టింది.

"కొత్త పాస్‌వర్డ్ ఏం పెట్టావమ్మా?"

"చెప్పను."

"మీ అత్తయ్య పేరు తీసేశావా?"

"అత్తయ్య బతికుండగా బీరువా తాళం మీ చేతికే ఇవ్వలేదు. ఆవిడ పేరునే తాళం చేసి మీరు వీధికిచ్చారు."

మాస్టారు నవ్వాడు. ఆయన నవ్వి చాలా కాలమైంది.

ఇద్దరూ చెరో ఫోన్ పట్టుకుని డాక్టర్లకి చెప్పడం మొదలుపెట్టారు.

"పొద్దున్నే మీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు కదా, తెరవలేదు" అన్నాడు మొదటి డాక్టరు. రెండో ఆయనా అదే అన్నాడు. మూడో ఆయనా అంతే.

"ఎంత తెలివైనదానివమ్మా" అన్నాడు మాస్టారు.

"మీరు చేశారనుకున్నానే నేను."

మూడింటికి అచ్చుల పెట్టెలు ఎప్పటిలాగే వచ్చాయి. మాస్టారు వాటిని ఒక్కొక్కటిగా తెరిచి, ఎవరివి వాళ్ల వరసలో సర్దుకున్నాడు. పదకొండేళ్ల దుకాణం నిలబడింది. కడుపు నిండినట్టుంది.

చివరికి మిగిలింది పెద్ద డాక్టరమ్మ. ఆమెకి తనే ఫోన్ చేశాడు.

"నాకూ చెప్పాడు. గొంతు గుర్తుపట్టాను. మొన్న మీ దగ్గర మెరుగు పట్టిన మనిషే."

"వాడా? వాడికి మీ అందరి నెంబర్లు ఎక్కడివి?"



"మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు, ఎక్కేముందు మళ్లీ ఫోన్ చేశాడు. మీ వీధంతా దొంగ అంటోందట, ఇక్కడింకెవరు పనిస్తారు అన్నాడు."

"నెంబర్లు ఎక్కడివమ్మా?"

"ఆయన పేరుతో ఇలాంటి మెయిలే ఒకటి వచ్చి మా కంప్యూటర్లన్నీ పోయాకే కదండీ, ముప్పై రెండు మందిమీ ఆయన కట్టుడు పళ్ల దుకాణం వదిలేసి మీ దగ్గరికి వచ్చింది."