వంతెన మీద నలభై మంది

"ఒక్కడా? వంతెన మీద ఒక్కడేనా?" ఫెస్టస్ నాటకం కాగితాలు బల్ల మీద విసిరికొట్టాడు. "మరి మా తాతెక్కడ?"

"మంచం కింద," అంది అట్రాక్టా.

రిహార్సల్‌కి వచ్చినవాళ్లెవరూ నవ్వలేదు. ఎలా నవ్వుతారు? అందరి తాతలూ ఆ రోజు మంచాల కిందే ఉన్నారాయె! వందేళ్ల కిందట ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలో ఇంగ్లీషు సైనికుల లారీలు ఊరి మీదికొస్తుంటే తిరుగుబాటుదారుల కమాండెంట్ లోర్కన్ టూహీ ఒంటరిగా వంతెనకి అడ్డం నిలబడ్డాడు, ఒంటరిగా చచ్చాడు. చిన్నపిల్లగా ఉన్న అట్రాక్టా నాయనమ్మ కిటికీలోంచి అది కళ్లారా చూసింది. ఆ ఒంటరి చావుని ఒక్కసారైనా ఊరి ముందు పెట్టాలనే, పగలంతా స్కూలు బస్సు నడుపుతూ అట్రాక్టా ఈ నాటకం రాసింది.

"చూడమ్మా," అన్నాడు ఫెస్టస్. ఊళ్లో పబ్బు అతనిదే, చర్చి హాలు కమిటీకి పెద్దా అతనే. "హాలు తాళం నా దగ్గరుంది. మా తాత వంతెన మీద లేకపోతే నీ నాటకం నీ బస్సులోనే వేసుకో."

"ఉన్నాడనడానికి రుజువేంటయ్యా?"

"రుజువా? ఆయన తుపాకీ ఇంకా మా అటక మీదుంది!"

అట్రాక్టా పళ్లు కొరుక్కుని ఫెస్టస్ తాతని వంతెనెక్కించింది. అక్కడే తప్పు చేసింది. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపించే ఊరది. మర్నాటికల్లా బస్సు దగ్గర వరస కట్టారు. "వాళ్ల తాతకి చోటుండి మా తాతకి లేదా?" అంటూ ప్రతివాడూ గడ్డివాములోంచో ఇంటి కప్పులోంచో ఒక తుప్పు తుపాకీ లాక్కొచ్చాడు. వాటితో కాకుల్ని తప్ప దేన్నీ కాల్చిన పాపాన పోలేదు.

"వీటికి లైసెన్సులున్నాయా?" అడిగింది అట్రాక్టా.

"విప్లవానికి లైసెన్సేమిటే పిచ్చిదానా!"

చివరికి తాతల వేషాలు కట్టిన వీరుల లెక్క నలభైకి చేరింది. కమాండెంట్ వేషం వేసే పోస్ట్‌మాన్ యూజీన్ వాళ్ల వెనక ఎక్కడో మాయమైపోయాడు. పాపం, అతని తాత పొరుగు జిల్లావాడు. ఇంట్లో తుపాకీ లేదు, చేతిలో ఉన్నది చీపురు కర్ర.

"నేనెక్కడ నిలబడను?" అన్నాడు యూజీన్.

"చచ్చేటప్పుడు కనపడు, చాలు," అన్నాడు ఫెస్టస్.

అట్రాక్టాకి ఏడుపొచ్చింది. మింగేసి, "సరే, ఇంగ్లీషు ఆఫీసరు వేషం ఎవరేస్తారు?" అంది.

నలభై మందీ ఒకడుగు వెనక్కేశారు.

"మా వంశంలో ఎవడూ ఆ పాడు టోపీ పెట్టలేదు," అన్నాడు ఫెస్టస్.

"పోనీలే, ఎవర్నో ఒకర్ని నేనే చూసుకుంటాను," అంది. ఎవర్నని ఎవరూ అడగలేదు. ఎవడో ఓ ఇంగ్లీషువాడు, వాడి సంగతి వాళ్లకెందుకు?

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. ఫెస్టస్ తుపాకీ గాల్లోకెత్తి, "కమాండెంట్! ప్రాణం పోయినా నీ పక్క వదలను!" అని గర్జించాడు. తక్కినవాళ్లూ వంతులవారీగా గర్జించారు. అందరూ గర్జించేసరికి జనానికి ఆవులింతలొచ్చాయి.

అప్పుడు హాలు వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. టోపీ, బూట్లు, ఐరిష్ పోలీసు యూనిఫారం. ఆ వారమే డబ్లిన్ నుంచి బదిలీ అయి వచ్చిన కొత్త సార్జెంటు.

"ఎవరూ కదలొద్దు! తుపాకులు కింద పెట్టండి!"

వీరులు కాలికి బుద్ధి చెప్పారు. అందరికంటే ముందు ఫెస్టస్. పక్క తలుపులో ఇరుక్కున్నవాళ్లని తొక్కుకుంటూ కొందరు, కిటికీలోంచి దూకి కొందరు. రెప్పపాటులో స్టేజీ ఖాళీ.

చెక్క వంతెన మీద యూజీన్ ఒక్కడే మిగిలాడు. చీపురు కర్ర భుజానికెత్తి, "ఇది నా ఊరు. దాటి పోవాలంటే నన్ను చంపి పొండి," అన్నాడు. తెర వెనక టపాకాయ పేలింది. అతను పడిపోయాడు. హాల్లో ఆడవాళ్లు వెక్కివెక్కి ఏడ్చారు. అట్రాక్టా అందరికంటే ఎక్కువ ఏడ్చింది.

తెర పడ్డాక సార్జెంటు బెరుగ్గా ఆమె దగ్గరికొచ్చాడు. "ఇంగ్లీషు ఆఫీసరు వేషానికి బట్టలు లేవు, యూనిఫారంలోనే రమ్మన్నారు, వచ్చాను. బాగానే చేశానా? అన్నట్టు, ఆ పారిపోవడం మాత్రం అద్భుతమండీ! ఎన్నాళ్లు ప్రాక్టీసు చేయించారు?"

"వందేళ్లు," అంది అట్రాక్టా.

మర్నాడు పబ్బులో ఫెస్టస్ గ్లాసు పైకెత్తి, "ఆఖరి క్షణం దాకా యూజీన్ పక్కన నిలబడింది నేనొక్కణ్ణే!" అన్నాడు. "నీ పక్కన నేను!" అన్నారు మిగతా ముప్ఫై తొమ్మిది మంది.