పసుపు రంగు కొవ్వు

లారీ వెనక తలుపు దించేశారు. కంజిరో ముసలాయన తల్లి ఆవు కికుమే పలుపు విప్పి చేతికి చుట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కోడలు సవాకో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి ఆవుకీ లారీకీ మధ్య నిలబడింది. చేతుల నుంచి బియ్యం కడిగిన నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

"దీన్నెందుకు పంపేస్తున్నారు మామయ్యా? ఇంకా ఒకటి రెండు ఈతలు ఈనుతుంది కదా!"

"ఈని ఏం లాభం? మొన్న కోతకెళ్ళిన దీని కొడుకు మాంసం చూశావుగా. మంచు పడలేదు. ఎర్రగా, కట్టెపేడులా ఉంది."

మాంసం ఎరుపులో తెల్లటి కొవ్వు సన్నసన్నగా, మంచు రాలినట్టు పరుచుకుందంటే తజిమా కొండల్లో ఆ ఇంటికి పండగే. పరుచుకోలేదా, తప్పు తల్లిదంటారు, రక్తంలోనే లేదంటారు. అలాంటి తల్లిని కొట్టంలో ఉంచుకోరు.

సవాకోకి అదే బుర్రకెక్కడం లేదు. "పోయినేడు వెళ్ళినవాడూ దీని కొడుకే కదా? తండ్రి కూడా అదే ఆంబోతు. అదే కొట్టం, అదే దాణా. వాడి మాంసం చూడ్డానికి ఊరంతా మెడలు చాచింది. ఒకే కడుపున పుట్టి వాడలా, వీడిలా ఎందుకయ్యారు?"

"నన్నడిగితే నేనేం చెప్పను? రక్తం దాని ఇష్టమొచ్చినట్టు పారుతుంది. నువ్వు తప్పుకో అమ్మాయీ."

లారీ తోలుకొచ్చిన కువబారా గుమ్మంలో కూర్చుని బార్లీ టీ చప్పరిస్తున్నాడు. అతనికి ఉన్నమాట నోట్లో ఆగదు. "పెద్దాయనా, ఆ కోడెని కొక్కేనికి వేలాడదీసినప్పుడు నేనక్కడే ఉన్నా. మంచు సంగతి అటుంచు, కొవ్వు చూశావా? గుడ్డుసొన పూసినట్టు పసుపు రంగు. అది తల్లి రక్తం పని కాదు. పచ్చిగడ్డి తిన్న కొవ్వు అది."

ముసలాయన మొహం కందగడ్డ అయింది. "నా కొట్టంలో? పచ్చిగడ్డా?"

ఆ ఇంట్లో అదొక శాసనం మరి. పొలం గట్టు మీద కోసిన గడ్డి తల్లి ఆవుకే. పక్క గడిలో కొవ్వెక్కే కోడెకి ఎండు వరిగడ్డి, తౌడు, నలగ్గొట్టిన మొక్కజొన్నలు, అంతే. పచ్చిగడ్డి ముట్టిన ఒంట్లో మంచు పడదని ఆయనే రోజూ అన్నం ముందు కూర్చుని అందరికీ అప్పజెప్పేవాడు.

సవాకో ప్రాణం కాస్త లేచొచ్చింది. గడ్డివల్లే అయితే కికుమే తప్పేం లేదు. కానీ ఎవరు వేసినట్టు? తను వెయ్యలేదు. మిగతావాళ్ళకి అంత ధైర్యం ఎక్కడిది?

"ఎవరు వేశారో చెప్పండి," అన్నాడు ముసలాయన. "చెబితే పలుపు మళ్ళీ కట్టేస్తా. కానీ ఆ మనిషి ఇక జన్మలో నా కొట్టం గడప తొక్కడానికి వీల్లేదు."

ఆ కొట్టమే సవాకో లోకం. కికుమే ఈనిన దూడలన్నిటినీ తన చేతులమీదే బయటికి లాగింది. ఆవు ఆమె మోచేతిని గరుకు నాలుకతో ఒకసారి నాకింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"నేనే వేశాను మామయ్యా."

"అబద్ధం!" వెనక నుంచి అత్త తొమే అరిచింది. "అదెందుకేస్తుంది? వేసింది నేను."

సవాకో తెల్లబోయింది. పాపం, తనని కాపాడ్డానికి ఈవిడ నెత్తినేసుకుంటోంది. "మీరూరుకోండి అత్తయ్యా."

"నువ్వూరుకోవే! పోయినేడు వెళ్ళిన వీడి అన్న బుద్ధిమంతుడు, గడ్డికేసి చూసేవాడే కాదు. వీడు? తల్లి ముందు మోపు పడేస్తే చాలు, కమ్మీల్లోంచి మూతి పెట్టి, ఇంత నాలిక చాపి దేబిరించేవాడు. ఆ కళ్ళు చూస్తే రాయైనా కరుగుతుంది. ఒక్క గుప్పెడే పెట్టాను. రోజూ ఒక్క గుప్పెడే!"

బురద బూట్లతో వచ్చిన సవాకో మొగుడు యసునోరి నోరు తెరిచి నిలబడిపోయాడు. "నువ్వు కూడానా అమ్మా? మరి సాయంత్రాలు నేను పెట్టిందో?"

సవాకో అత్తకేసి చూసింది, మొగుడికేసి చూసింది. వీళ్ళు తనకోసం అబద్ధమాడుతున్నారా? లేక నిజంగానే పెట్టారా? అలాగైతే అబద్ధమాడింది తనొక్కతేనా? ఏమీ అర్థంకాలేదు.

కువబారా టీ పొలమారేలా నవ్వాడు. "కోడెని పెంచలేదయ్యా మీరు, కుందేల్ని పెంచారు!"

కంజిరో నవ్వలేదు. కికుమేని వెనక్కి నడిపించుకెళ్ళి గుంజకి కట్టేశాడు. పిడుగెప్పుడు పడుతుందా అని ముగ్గురూ తలలు దించుకున్నారు. ఆయన తిరిగొచ్చి ఒక్కొక్కరి మొహంలోకీ మార్చి మార్చి చూశాడు.

"నిజంగా ముగ్గురూ పెట్టారా?"

"పెట్టాం," అన్నారు ముగ్గురూ గొణుగుతూ.

ముసలాయన గుండెల్నిండా ఊపిరి పీల్చి వదిలాడు. "అమ్మయ్య! అయితే తెల్లారగట్ల నేను పెట్టిన మోపొక్కదానివల్లే కాదన్నమాట!"