ముసుగు తీసిన ముసలమ్మ

ఫాతిమా తలమీద ముసుగు తీసి ఒళ్లో పెట్టుకుంది.

కోడలు తస్నీమ్ కంగారుగా మళ్లీ కప్పింది. ముసలమ్మ మళ్లీ తీసేసింది.

"సారీ అంకుల్. ఇంటికి ప్లంబర్ వచ్చినా అమ్మీ బెడ్‌రూమ్‌లోంచి బయటికే రాదు. ఇవాళేంటో మరి," అంది కోడలు.

"మతిమరుపు ఇలాగే మొదలవుతుందమ్మా," అన్నాడు డాక్టర్ వాసుదేవరావు.

వెస్ట్‌మీడ్‌లో అతని క్లినిక్ అది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా చూసే వైటూకే పనిమీద సిడ్నీ వచ్చిన కొడుకు ఫాతిమాను చీరాల నుంచి తెచ్చుకుని ఆరు నెలలైంది. ఇవాళ క్లినిక్‌కి వచ్చింది మోకాళ్ల నొప్పికి.

"చీరాల బడిలో చేసిన రామానుజం మాస్టారి అబ్బాయివేగా?" అంది ముసలమ్మ.

"ఆయన బెత్తం మీదాకా వచ్చిందా?" అన్నాడు డాక్టర్.

వాసుదేవరావు నవ్వాడు. కళ్లు మూసుకుపోయి, భుజాలు ఎగిరెగిరి పడి, ఆ తర్వాతెప్పుడో శబ్దం బయటికొచ్చే నవ్వు.

ముసలమ్మా అలాగే నవ్వింది.

"ఈ నవ్వు మీ నాన్నది కాదే?"

"అదే నా తంటా. మా ఇంట్లో అందరివీ ముడుచుకున్న మొహాలే. అనుమానమొచ్చి రక్తం కూడా పరీక్ష చేయించా. వాళ్ల బిడ్డనే. పెంచిందీ వాళ్లే. మనిషి సంతోషంలో రక్తానిదెంత, పెంపకానిదెంత అని పదేళ్లుగా రీసెర్చి చేస్తున్నా. నా సంగతే నాకు తేలడం లేదు."

"కాసేపు తీరిగ్గా కూర్చో. చెబుతా."

బయట పేషెంట్లు ఉన్నారు.

"వచ్చేసారి చెబుదురుగానిలే అమ్మా," అని జ్ఞాపకశక్తి పరీక్షలు రాసిచ్చాడు.

"నీకు అప్పుడూ తొందరే," అంది ముసలమ్మ లేస్తూ.

అప్పుడంటే ఎప్పుడు? తనను ఇంకెవరో అనుకుంటోంది. పాపం, జబ్బు ముదిరినట్టే ఉంది.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లేవీ ఆగలేదు. తస్నీమ్ మాత్రం ఒక్కతే వచ్చింది.

"అమ్మీ పోయింది అంకుల్. గుండెపోటు."

వాసుదేవరావు అన్నాడు, "పాపం, ఆ మతిమరుపుతో..."

"మతి బాగానే ఉంది. పోయేముందు అంతా చెప్పింది. మీరు పుట్టగానే మీ అమ్మగారు జబ్బుపడి మంచం పట్టారంట. నడక వచ్చేదాకా మీరు పక్కింట్లో, అమ్మీ ఒళ్లోనే ఉన్నారంట. తర్వాత మీ నాన్నగారికి వేరే ఊరు బదిలీ. ఈ సంగతి మీ వాళ్లు ఎక్కడా చెప్పుకోలేదంట."

వాసుదేవరావుకు సగమే అర్థమైంది. తన నవ్వు రక్తానిదీ కాదు, తనకు గుర్తున్న పెంపకానిదీ కాదు.

"మరి నా ముందు ఆ ముసుగు ఎందుకు తీసిందమ్మా?"

తస్నీమ్ తన తలమీది దుపట్టా సర్దుకుంది.

"తన పాలు తాగిన బిడ్డ ముందు మాలో ఏ తల్లీ ముసుగు వేసుకోదు అంకుల్."