పెద్దవాడి వాటా

"నాకు కారే కావాలి," అన్నాడు తమ్ముడు.

అన్న గుండె జారింది. పైకి మాత్రం నవ్వాడు.

వాటాలు వేసింది తనే. తండ్రి వదిలిపోయినవి రెండే రెండు. ఒకటి టైర్ల షాపు, దాని మీద రెండు గదులు. రెండోది షెడ్డులో ముసుగు తన్ని పడుకున్న ఎర్ర కారు. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ పరిగెత్తేది, నేలకు జానెడెత్తున ఉండేది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి అన్నాడు మేనమామ. పొద్దున లేస్తే టైర్ల మధ్య దొర్లే ఈ మసిమొహంగాడు షాపు తప్ప ఇంకేం కోరుకుంటాడులే అనుకున్నాడు అన్న.

"దాన్నేం చేసుకుంటావురా? పాత టైర్లు మోయిస్తావా?"

"నాన్నకి అదంటే ప్రాణం అన్నయ్యా. ఆదివారం ఆదివారం నాచేతే తుడిపించేవాడు."

తుడిస్తే హక్కు వచ్చేటట్టయితే గుడ్డపేలికలు కూడా వాటా అడుగుతాయి, అనుకున్నాడు అన్న. అతని జేబులో పత్రికలోంచి చింపిన కాగితం ఒకటి మడతపెట్టి ఉంది. సరిగ్గా ఇలాంటి కారే వేలంలో కొత్తదానికి రెట్టింపు పలికిందట. ఆ సంగతి తమ్ముడికి తెలియదు. తెలియనివ్వకూడదు కూడా.

"సరే, నీ ఇష్టం. తర్వాత నన్ను ఆడిపోసుకోకు. మెకానిక్‌ని పిలిపించాను. ఆయన చూసి చెబుతాడు, విని అప్పుడు కోరుకో. ఏమంటావు మామయ్యా?"

"న్యాయంగానే ఉంది," అన్నాడు మేనమామ, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

ఎందుకైనా మంచిదని ఆ మెకానిక్ జేబులో పొద్దున గేటు దగ్గరే అన్న ఒక కవరు కుక్కాడు. "బ్యాటరీ చచ్చిందని చెప్పు. ఆ అబద్ధానికి ఇది," అన్నాడు. మెకానిక్ అవుననలేదు, కాదనలేదు. జేబు బరువెక్కాక కాదనే మనిషిని అన్న ఇంతవరకూ చూడలేదు.

మెకానిక్ కారు మీది ముసుగు తీశాడు. కారుకి వైరు తగిలించి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. టార్చి వేసి కిందికి దూరాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"బ్యాటరీ అయిపోవచ్చింది. ఛార్జింగ్ కాదు, దాని సత్తువే వందకి ముప్పై ఒకటి చూపిస్తోంది."

"అదేంటయ్యా, నిన్న నేనే స్టార్ట్ చేశానే!" అన్నాడు అన్న, నాటకం రక్తి కట్టాలని.

"ఇవాళ కూడా అవుతుంది సార్. ముప్పైకి కిందికి దిగితే మాత్రం కాదు. ఈ బండికి వేరే స్టార్టర్ లేదు. ఇంజన్ని తిప్పేది కూడా ఆ బ్యాటరీయే."

"కొత్తది వేయిస్తే?" అడిగాడు తమ్ముడు.

"ఈ రకం చేయడం కంపెనీవాళ్లు మానేశారు. ప్రత్యేకంగా చేయించుకోవాలి. మీ షాపూ, పైన గదులూ కలిపి అమ్మితే సరిపోవచ్చు."

"ఒక్క బ్యాటరీకా!" మేనమామ నోరు తెరిచాడు.

"అదీ ఎనిమిదేళ్లే అండీ. నడిపినా అంతే, పడుకోబెట్టినా అంతే. బ్రేకుల ఖర్చు వేరే. టైర్లు అరగలేదు గానీ వయసైపోయింది."

తమ్ముడు వంగి టైరుని గోటితో గీరాడు. "అవును, రాయిలా అయిపోయింది," అన్నాడు.

అన్న లోలోపల మురిసిపోయాడు. వీడి దుంపతెగ, కంప్యూటర్ చేత కూడా అబద్ధమాడించాడు! పైగా పక్కనున్న మట్టిబుర్ర చేత తాళం వేయిస్తున్నాడు. ఇంత తేలిగ్గా అయ్యే పనికి కవరులో సగం పెట్టినా పోయేది.

"పోనీ అమ్మేస్తే?" తమ్ముడు ఇంకా వదల్లేదు.

"కొనేవాడు ముందు బ్యాటరీ కాగితం అడుగుతాడు. వేలంలో రెట్టింపు పలికేవన్నీ కొత్త బ్యాటరీ వేసినవే. అది లేని బండిని చూడ్డానిక్కూడా రారు."

తమ్ముడు కారు మీద చెయ్యి వేశాడు. మసి అంటిందేమోనని చొక్కా అంచుతో తనే తుడిచాడు.

"షాపే ఇప్పించు మామయ్యా. దీన్ని మేపడం నావల్ల కాదు."

"రాసెయ్ మామయ్యా," అన్నాడు అన్న వెంటనే. "ఎవడూ మళ్లీ మాట మార్చకూడదనీ, ఎవడి ఖర్చు వాడిదేననీ కూడా రాయి. రేపు వీడొచ్చి కాళ్లావేళ్లా పడితే నేను వినను."

మేనమామ రాశాడు. ఇద్దరూ సంతకాలు చేశారు. తమ్ముడి సంతకం పక్కన నల్లటి వేలిమచ్చ పడింది. అన్న మొహం చిట్లించాడు.

"కష్టం నీ నెత్తిన పడింది అన్నయ్యా. ఏమీ అనుకోకు."

"తమ్ముడి కోసం ఆమాత్రం మోయలేనా!"

మేనమామా తమ్ముడూ గేటు దాటేదాకా అన్న ఓపిక పట్టాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏం నటించావయ్యా! ముప్పై ఒకటట! ఆ అంకె ఎలా వేయించావు దాంట్లో?"

మెకానిక్ వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. జేబులోంచి కవరు తీసి కారు మీద పెట్టాడు. దాని అంటించిన మూత ఇంకా విప్పలేదు.

"అబద్ధం చెప్పడానికని ఇచ్చారు కదా సార్. చెప్పే అవసరం రాలేదు."